లాన్ ఎండిపోతోందా? మందు కొనే ముందు అడుగు నేల తవ్వి చూడండి

వినాయక చవితి దాటేసరికి శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లో ఇంటిముందు లాన్ పెంచుకునేవాళ్ల దగ్గర ఒకే రకం ఫిర్యాదు వినిపిస్తుంది. వానలు బాగానే పడుతున్నాయి, చుట్టూ అంతా పచ్చగా ఉంది, లాన్ మాత్రం అక్కడక్కడ పసుపు తిరిగి మట్టిరంగులోకి మారుతోంది. నీళ్లు పెడితే తేరుకోవడం లేదు, యూరియా చల్లితే ఇంకా పాడవుతోంది. అప్పుడు దుకాణానికి వెళ్లి ‘గడ్డికి పురుగు పట్టింది, ఏదైనా మందు ఇవ్వండి’ అని అడుగుతారు. ఏదో ఒక సీసా చేతికి వస్తుంది.

ఆ సీసా కొనే ముందు రెండు సంగతులు తెలియాలి. తింటున్నది ఏ పురుగు? అది ఇప్పుడు ఏ వయసులో ఉంది? ఈ రెండూ తెలియకుండా పోసిన మందు వల్ల పిల్లలు ఆడుకునే నేల విషమవుతుంది తప్ప పురుగు తగ్గదు. సెప్టెంబరులో మన కంటపడే నష్టానికి గుడ్లు పడింది జూన్‌లో. అందుకే ఈ పనిలో మందు ఎంపిక కన్నా తేదీల ఎంపిక ముఖ్యం.

ఇంకో మాట. లాన్ పురుగుల గురించి ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలావరకు చలిదేశాలవి. మంచు కరిగాక ఇది చేయండి, ఆకులు రాలే కాలంలో అది చల్లండి అని చెబుతాయి. ఆ తేదీలు మనకు సరిపోవు, వాటిలో చెప్పే పురుగుల్లో కొన్ని మన దగ్గర లేవు. ఉత్తరాంధ్రలో నేలలోని పురుగులు కదిలేది తొలకరితో. మన ప్రాంతంలో చెరకు, వేరుశనగ పండించే రైతులకు ఈ సంగతి బాగా తెలుసు. లాన్ పెంచేవాళ్లు నేర్చుకోవలసింది వాళ్ల దగ్గరే.

పురుగు పని కానివి ముందు తీసేయండి

లాన్‌లో కనిపించే మచ్చల్లో చాలావాటికి పురుగుతో సంబంధమే ఉండదు. కుక్క మూత్రం పోసిన చోట మధ్యలో గడ్డి మాడిపోయి, చుట్టూ ముదురాకుపచ్చ అంచు ఏర్పడుతుంది. ఇల్లు కట్టినప్పుడు మట్టిలో పూడ్చేసిన ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు ఉన్నచోట ఏటా వేసవిలో అదే స్థలంలో గడ్డి చస్తుంది. ఇనుప చువ్వ గుచ్చి చూడండి, మూడు నాలుగు అంగుళాల లోతులోనే గట్టిగా తగులుతుంది. వానాకాలం ఉదయాల్లో గుండ్రటి మచ్చ మీద సన్నని తెల్లటి బూజు పోగులు కనిపిస్తే అది తెగులు. దానికి పురుగుమందు పనిచేయదు. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరప్రాంతాల్లో బోరు నీరు ఉప్పగా ఉంటే గడ్డి కొసలు మాడతాయి, అదీ ఒక మచ్చగా కాకుండా లాన్ అంతటా. మామిడిచెట్టు నీడలో గరిక పలుచబడడం సహజం, దానికి ఎండ కావాలి.

మరి పురుగును ఎప్పుడు అనుమానించాలి? మచ్చకు ఒక ఆకారం లేకుండా, రోజురోజుకూ అంచులు జరుగుతూ పోతున్నప్పుడు. గోరింకలు, కాకులు, తెల్లకొంగలు లాన్‌లో ఒకేచోట గుమికూడి నేలను పొడుస్తున్నప్పుడు. రాత్రివేళ పందికొక్కులో ముంగిసలో వచ్చి గడ్డిని తిరగవేసి పోతున్నప్పుడు. పందికొక్కు లాన్ పాడుచేసిందని దాని మీద కోపం తెచ్చుకునే ముందు అది దేనికోసం తవ్విందో చూడండి. కింద తిండి లేకపోతే అది అంత కష్టపడదు.

అరగంటలో అయ్యే పరీక్షలు

కావలసినవి చిన్న పార, ఒక బకెట్, గిన్నెలు తోమే ద్రవ సబ్బు. ఉదయంపూట ఎండ ముదరకముందు చేయండి. ప్రతి పరీక్షనూ మచ్చ నడిబొడ్డున కాకుండా అంచులో చేయాలి, అంటే సగం గడ్డి పచ్చగా, సగం పసుపుగా ఉన్నచోట. పూర్తిగా చచ్చిన చోట తిండి అయిపోయింది కాబట్టి పురుగు అక్కడి నుంచి ఎప్పుడో పక్కకు జరిగి ఉంటుంది.

మొదట గడ్డిని గుప్పిట పట్టి పైకి లాగండి. ఆరోగ్యంగా ఉన్న గరిక అంత తేలికగా రాదు, తీగలు తెగుతాయి గాని వేళ్లు నేలను వదలవు. చాప చుట్టినట్టు గడ్డి మొత్తం పైకి లేచి వచ్చిందంటే దాని వేళ్లను కిందినుంచి ఎవరో తినేశారు. అది వేరుపురుగు పని.

లేచినా లేవకపోయినా తర్వాత తవ్వి చూడండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు గల చదరాన్ని మూడు వైపులా పారతో కోసి, నాలుగో వైపు మడతలా ఉంచి పైకి తిప్పండి. నాలుగు అంగుళాల లోతు చాలు. మట్టిని వేళ్లతో చిదిపి పురుగులను లెక్కపెట్టండి. చూడడం అయ్యాక గడ్డిని మళ్లీ కప్పి, పాదంతో నొక్కి, నీళ్లు పోస్తే ఆ చదరం చావదు. లాన్‌లో వేరువేరు చోట్ల ఇలా నాలుగైదు చదరాలు తీయండి. అడుగు చదరంలో నాలుగైదు లోపు పురుగులుండి, గడ్డి బలంగా ఉంటే దాన్ని వదిలేయవచ్చు. అంతకు మించితే పని మొదలుపెట్టాలి. గడ్డి అప్పటికే నీరసంగా ఉంటే ఇంకొంచెం ముందే కదలాలి.

మూడోది సబ్బునీళ్ల పరీక్ష. నాలుగైదు లీటర్ల నీటిలో రెండు పెద్ద చెంచాల ద్రవ సబ్బు కలిపి, గజం చదరం మేర నెమ్మదిగా పోయండి. పది నిమిషాలు అక్కడే కూర్చుని చూడండి. గడ్డి మొదళ్లలో దాక్కున్న లద్దె పురుగులు, మట్టిలోని కుమ్మరి పురుగులు ఊపిరాడక పైకి వస్తాయి. వేరుపురుగు మాత్రం ఈ నీళ్లకు పైకి రాదు. అందుకే తవ్వే పరీక్షను మానకండి. ఏదీ కనిపించకపోతే ఒక గజం అవతల మరోసారి చేయండి. రెండుసార్లూ ఏమీ రాకపోతే మీ సమస్య పురుగు కాదు. నీరు, నేల, తెగులు వైపు చూడండి.

వేరుపురుగు: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది

తెల్లగా, కొంచెం పసుపు కలిసిన రంగులో, గోధుమరంగు తలతో, ముట్టుకోగానే సున్నాలా ముడుచుకుపోయే లావుపాటి పురుగు ఇది. ముందు భాగంలో మూడు జతల కాళ్లుంటాయి. బాగా పెరిగితే ఒకటిన్నర అంగుళం దాకా ఉంటుంది. ఇది పిల్ల పురుగు. దీని తల్లి మట్టిరంగు పెంకు పురుగు. తొలి గట్టి వాన పడిన సాయంత్రం వీధి దీపాల చుట్టూ తిరిగి, గోడకు కొట్టుకుని, వరండాలో వెల్లకిలా పడి కాళ్లు ఆడించే పురుగులు మీరు చూసే ఉంటారు. వాటిలో చాలా ఇవే.

వీటి ఏడాది ఇలా నడుస్తుంది. వేసవి అంతా పెంకు పురుగులు నేల లోతున కదలకుండా ఉంటాయి. మే నెలాఖరులోనో జూన్‌లోనో నేల తడిసే వాన పడితే చీకటిపడే వేళ పైకి లేస్తాయి. వేప, రేగు, మునగ చెట్ల మీద వాలి ఆకులు తింటాయి, అక్కడే జతకడతాయి, తెల్లవారకముందే మళ్లీ నేలలో దూరతాయి. తడిసిన వదులు మట్టిలో గుడ్లు పెడతాయి. గుడ్లు పొదగడానికి పదిరోజుల పైచిలుకు పడుతుంది. జూలైలో పిల్లలు చిన్నవి, సన్నని వేళ్లే తింటాయి, నష్టం పైకి తెలియదు. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అవి ముదిరి తెగ తింటాయి. వానలు ఆగి రెండు రోజులు ఎండ కాసేసరికి వేళ్లు లేని గడ్డి ఒక్కసారిగా వాడిపోతుంది. ఆ తర్వాత పురుగు లోతుకు దిగి, కోశం కట్టుకుని, మళ్లీ పెంకు పురుగై వచ్చే తొలకరి కోసం ఎదురుచూస్తుంది. ఏడాదికి ఒక్కటే తరం. అంటే ఒక్క జూన్‌ను సరిగా వాడుకుంటే ఏడాదంతా నిశ్చింతగా ఉండవచ్చు.

కాబట్టి మీ అసలు పని తొలకరి సాయంత్రాల్లో ఉంటుంది. మొదటి గట్టి వాన పడిన రోజు, ఆ తర్వాత మూడు నాలుగు రోజులు, చీకటిపడి గంట గడిచాక టార్చి పట్టుకుని మీ పెరట్లోని వేప, మునగ చెట్ల కిందికి వెళ్లండి. చెట్టు కింద పాత దుప్పటో టార్పాలినో పరచి కొమ్మలను గట్టిగా ఊపండి. పురుగులు జలజలా రాలతాయి. వాటిని పోగుచేసి సబ్బు కలిపిన నీళ్ల బకెట్‌లో వేయండి. ఒక్కో ఆడ పురుగు గుడ్లు పెట్టకముందే పోతుంది కాబట్టి, ఈ మూడు నాలుగు సాయంత్రాల శ్రమ తర్వాత ఎంత మందు చల్లినా రాని ఫలితం ఇస్తుంది. పక్కింటివాళ్లను కూడా కలుపుకోండి. పురుగుకు ప్రహరీ గోడ అడ్డం కాదు. వీధి మొత్తం ఒకేరోజు చెట్లు ఊపితే ఆ ఏడు లాన్లన్నీ బాగుంటాయి. ఉదయం వేప ఆకుల అంచులు కొరికినట్టు కనిపిస్తే పురుగు వచ్చిందని అర్థం. ఆ సాయంత్రానికి సిద్ధం కండి.

ఆ రోజుల్లో లాన్ దగ్గరి తెల్ల దీపాలను రాత్రి తొమ్మిది దాకా ఆర్పేయడం మంచిది. లేదా లాన్‌కు దూరంగా ఒక బల్బు వేలాడదీసి, దాని కింద సబ్బునీళ్ల బేసిన్ పెట్టండి. వాన లేని రోజుల్లో లాన్‌కు పైపుతో నీళ్లు పెట్టడం కూడా రెండు వారాలు తగ్గించండి. పెంకు పురుగులు గుడ్లకు తడి నేల వెతుక్కుంటాయి. పొడిబారిన నేలలో పెట్టిన గుడ్లు ఎక్కువగా నిలవవు. గరిక ఆ మాత్రం దాహాన్ని ఓర్చుకుంటుంది.

జూలై వచ్చాక రెండో పని. పిల్ల పురుగులు చిన్నగా, నేలకు దగ్గరగా ఉండే కాలమిది. మెటారైజియం అనే మేలుచేసే శిలీంధ్రం పొడి జీవన ఎరువులు, జీవ మందులు అమ్మేచోట దొరుకుతుంది. రైతులు ఎకరానికి రెండు కిలోల లెక్కన వాడతారు, అంటే సెంటుకు 20 గ్రాములు. రెండు సెంట్ల లాన్‌కు 40 గ్రాముల పొడిని ఐదు కిలోల బాగా చివికిన పశువుల ఎరువులోనో వర్మికంపోస్టులోనో కలిపి, కొంచెం నీళ్లు చిలకరించి, గోనెసంచి కప్పి నీడలో వారం రోజులు ఉంచండి. ఆ తర్వాత సాయంత్రంపూట, నేల తడిగా ఉన్నప్పుడు, లాన్ అంతా పలుచగా చల్లి నీళ్లు పెట్టండి. ఎండలో చల్లితే శిలీంధ్రం చస్తుంది. తెగుళ్ల మందు చల్లిన వారంలో వేసినా చస్తుంది. ప్యాకెట్ మీద గడువు తేదీ చూసి తాజాదే కొనండి, దానిమీద ఇంకో మోతాదు రాసి ఉంటే దాన్నే పాటించండి. ఇది మెల్లగా పనిచేస్తుంది, రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి. ఆ తర్వాత తవ్వినప్పుడు ఆకుపచ్చ బూజు పట్టి గట్టిపడిన పురుగులు దొరికితే సంతోషించి వాటిని అక్కడే వదిలేయండి. ఆ బూజు నుంచే మిగిలిన పురుగులకు జబ్బు పాకుతుంది.

దీనికి తోడు వేపపిండి సెంటుకు రెండు కిలోలు చల్లి నీరు పెట్టండి. అది ఎరువుగానూ పనికొస్తుంది. కీటకాలను లోపలినుంచి చంపే సూక్ష్మ నులిపురుగులు కూడా ఉన్నాయి. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ వీటిని నీటిలో కలిపే పొడిగా తయారుచేసే పద్ధతిని రూపొందించింది. దొరికితే వేరుపురుగుకు అది చక్కటి ఉపాయం. చల్లే ముందూ తర్వాతా నేల తడిగా ఉండడమే దాని షరతు.

జూన్, జూలై రెండూ దాటిపోయి సెప్టెంబరులో మచ్చలు చూసి ఇది చదువుతున్నారా? అప్పటికి పురుగు ముదిరి ఉంటుంది, మందులకు తేలికగా లొంగదు. ఇంటి లాన్ రెండు మూడు సెంట్లే కాబట్టి చేత్తో ఏరడమే నమ్మకమైన పని. మచ్చల చుట్టూ ఒక అడుగు మేర పచ్చగడ్డిని కూడా కలిపి పైకెత్తండి, మట్టిని నాలుగు అంగుళాలు కదిలించి పురుగులను ఏరేయండి. నాటుకోళ్లు ఉన్న ఇల్లు దగ్గరలో ఉంటే ఆ పూట వాటిని వదలమని అడగండి. కదిలించిన మట్టిలో కోడికి కనిపించకుండా పోయే పురుగు ఉండదు. డిసెంబరు తర్వాత మాత్రం దేనికీ తొందరపడకండి. పురుగు లోతున ఉంది, మీ మందు అక్కడికి చేరదు. ఆ డబ్బును వచ్చే జూన్‌కు దాచుకోండి.

పెంటకుప్ప నుంచి వచ్చే పురుగు వేరు

లాన్‌కు ఎరువు తోలించినప్పుడు అందులో బొటనవేలంత లావున పెద్ద పెద్ద తెల్ల పురుగులు కనిపించి చాలామంది బెంబేలెత్తుతారు. అవి చాలావరకు కొబ్బరికి పట్టే కొమ్ము పురుగు పిల్లలు. పెంటకుప్పల్లో, కుళ్లిన కొబ్బరి మొద్దుల్లో పెరుగుతాయి, గడ్డి వేళ్ల జోలికి రావు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరిచెట్లను విపరీతంగా కూల్చింది. అలా పడి కుళ్లే మొద్దులను తొలగించకపోతే కొమ్ము పురుగు పెరుగుతుందని అక్కడి రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మీ లాన్‌కు వీటివల్ల ప్రమాదం లేకపోయినా మీ పెరటి కొబ్బరిచెట్టుకు ఉంది కాబట్టి వదలకండి. ఎరువును లాన్ మీద వేయకముందే ఎండలో పలుచగా పరచి, పురుగులను ఏరి, జల్లెడ పట్టి వాడండి. సగం కుళ్లిన పేడ వేయకండి. అది చెదలను కూడా పిలుస్తుంది.

తేడా తెలుసుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. పురుగును పళ్లెంలో పెట్టి చూడండి. వెల్లకిలా తిరిగి వీపు మీద పాకుతూ పోతే అది కుళ్లిన పదార్థం తినే మరో జాతి. దాన్ని కంపోస్టులోనే వదిలేయండి. ఒక పక్కకు ఒరిగి ముడుచుకునే ఉంటే, దొరికింది కూడా గడ్డి వేళ్ల మధ్యనే అయితే, వేరుపురుగుగా లెక్కవేయండి.

లద్దె పురుగులు

ఇవి వేళ్లను కాదు, ఆకును తింటాయి. సాయంత్రం బాగున్న లాన్ రెండు మూడు రోజుల్లో ఎవరో గీకేసినట్టు కనిపిస్తే వీటినే అనుమానించండి. చుట్టూ వరి, మొక్కజొన్న చేలున్న ఇళ్లలో ఈ బెడద ఎక్కువ. 2018లో మన దేశంలో అడుగుపెట్టిన కత్తెర పురుగుకు మొక్కజొన్న ఇష్టమే అయినా గడ్డి జాతులన్నీ తిండే. దాని తల మీద తలకిందులైన ‘వై’ అక్షరం లాంటి తెల్ల గీత, తోక దగ్గర చదరంగా నాలుగు నల్లచుక్కలు ఉంటాయి. పగలు గడ్డి మొదళ్లలో దాక్కుని రాత్రి తింటాయి. అందుకే చాలామంది వీటిని చూడరు, పచ్చటి రెట్ట గుళికలను మాత్రం చూస్తారు.

ఊరట ఏమిటంటే ఇవి ఆకును తిన్నా మొదలు, వేరు మిగులుతాయి. నీళ్లు, కొంచెం ఎరువు ఇస్తే గరిక పదిహేను రోజుల్లో మళ్లీ చిగురిస్తుంది. అందుకని కంగారు వద్దు. తడి గోనెసంచులను సాయంత్రం లాన్ మీద అక్కడక్కడ పరచండి. తెల్లవారేసరికి పురుగులు వాటి కిందికి చేరతాయి, ఎత్తి ఏరేయండి. లాన్ పక్క గోడల మీద, దీపస్తంభం మీద నూగు కప్పిన గుడ్ల ముద్దలు కనిపిస్తే చిన్న పుల్లతో గీకి సబ్బునీళ్లలో వేయండి. ఒక్కో ముద్దలో వందల్లో గుడ్లుంటాయి.

పురుగులు అర అంగుళం లోపు ఉన్నప్పుడు వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. ఇంట్లోనే చేసుకోదలిస్తే లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడిని రాత్రంతా నానబెట్టి వడకట్టిన కషాయం వాడవచ్చు. లేదా లద్దె పురుగులను చంపే బ్యాక్టీరియాతో తయారైన బీటీ పొడి లీటరుకు రెండు గ్రాములు. పురుగు దాన్ని తింటేనే చస్తుంది కాబట్టి గడ్డి కోసిన వెంటనే కాకుండా ఆకు ఉన్నప్పుడే చల్లాలి. చల్లిన తర్వాత ఒక రోజు వాన పడకూడదు, నీళ్లూ పెట్టకూడదు. వేరుపురుగు మందుకు తడి కావాలి, లద్దె పురుగు మందుకు ఆరిన ఆకు కావాలి. ఈ రెంటినీ కలగలిపితే రెండూ పనిచేయవు.

కుమ్మరి పురుగు, చెదలు, పిండినల్లి

నాగావళి, వంశధార ఒడ్డు ఇళ్లలో, ఉద్దానం ఇసుక నేలల్లో కుమ్మరి పురుగు కనిపిస్తుంది. నేల పైపైన వేలు లావున మట్టి ఉబ్బి మెలికలు తిరిగిన దారులుంటాయి, అడుగు వేస్తే మెత్తగా కుంగుతుంది. సబ్బునీళ్లకు ఇది వెంటనే పైకి వస్తుంది, చేత్తో పట్టి తీసేయవచ్చు. ఆ దారులను పాదంతో నొక్కి నీళ్లు పెట్టండి, తెగిన వేళ్లు మళ్లీ పట్టుకుంటాయి. ఇది ఇతర పురుగులను కూడా తింటుంది, ఒకటీ అరా ఉంటే వేటాడక్కర్లేదు.

విజయనగరం వైపు ఎర్రనేలల్లో జనవరి నుంచి మే దాకా చెదలు లేస్తాయి. గడ్డి మీద సన్నని మట్టి పొర పూసినట్టు కనిపిస్తుంది, గోటితో గీకితే లోపల తెల్లటి చెదలు. చెదలు తినేది ముఖ్యంగా ఎండిపోయిన గడ్డినే. కాబట్టి జబ్బు ఎండడంలో ఉంది. ఆ మట్టి పొరను చీపురుతో విరిచేసి, ఎండుగడ్డిని దంతె పట్టి లాగేసి, వారంలో రెండుసార్లు లోతుగా తడిపితే అవి వెళ్లిపోతాయి. కొబ్బరి మట్టలు, కర్రముక్కలు లాన్ పక్కన పోగు పెట్టకండి. చెదలు ఇంటి గోడ వైపు దారి కడుతున్నాయంటే మాత్రం అది లాన్ సమస్య కాదు, ఇంటి సమస్య. తలుపులు, కిటికీల కోసం దానికి వేరే ఏర్పాటు చూడాలి.

వేసవిలో గరిక కణుపుల దగ్గర తెల్ల పిండి అంటినట్టుంటే పిండినల్లి. ఆ భాగాన్ని పొట్టిగా కోసి దూరంగా పారేసి, వేపనూనె సబ్బునీళ్లు రెండుసార్లు కొడితే చాలు.

ముట్టుకోకూడనివి

తొలకరిలో ఎర్రటి మఖమల్ ముద్దల్లా పచ్చికలో తిరిగే ఆరుద్ర పురుగులను దయచేసి చంపకండి. అవి గడ్డిని తినవు, ఇతర కీటకాల గుడ్లను తింటాయి. పిల్లలు వాటిని అగ్గిపెట్టెల్లో పెట్టుకోబోతే చూసి వదిలేయమని చెప్పండి. రోకలిబండలు కుళ్లిన ఆకులు తింటాయి, లాన్‌కు హాని లేదు. వానపాములు తోడిన మట్టి కుప్పలు చూసి పురుగనుకుని గుళికలు చల్లినవాళ్లు ఉన్నారు. ఆ మట్టే మీ లాన్‌కు దొరికే అన్నిటికన్నా మంచి ఎరువు. చీమలు కూడా గడ్డిని తినవు, మట్టి మాత్రం తోడతాయి. వాటి మీద మరిగే నీళ్లు పోస్తే చచ్చేది గడ్డే. కప్పలకు, తొండలకు లాన్ మూలలో ఒక తడి కుండపెంకు కింద చోటివ్వండి.

రసాయనం తప్పదనుకుంటే

ముందుగా సీసా మీద త్రికోణం రంగు చూడండి. ఎరుపు అత్యంత విషం, పసుపు దాని తర్వాతది, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. ఇంటి లాన్‌కు ఎరుపు, పసుపు త్రికోణాల మందులు తేవద్దు. ఒకప్పుడు వేరుపురుగుకు అలవాటుగా వాడిన ఫోరేట్ గుళికలు 2020 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధం. పాత నిల్వ ఎవరైనా చేతిలో పెట్టినా తీసుకోకండి. కార్బోఫ్యూరాన్ గుళికలు కూడా పిల్లలు, పక్షులు తిరిగే చోట వేయదగినవి కావు. ఒక్క గుళిక ఏరుకు తిన్న పిట్ట బతకదు. ఇమిడాక్లోప్రిడ్ తేనెటీగలకు ప్రమాదం కాబట్టి లాన్‌లో చిన్న చిన్న పూల మొక్కలు కలిసి ఉంటే దాన్ని వాడకండి.

లద్దె పురుగు ముదిరి చేయిదాటితే ఆకుపచ్చ త్రికోణం ఉన్న క్లోరాంట్రనిలిప్రోల్ 18.5 శాతం ద్రవం లీటరుకు 0.4 మిల్లీలీటర్లు, ఒక్కసారి, మచ్చలున్న మేరకే చాలు. చేపల తొట్టి, చెరువు, బావి పక్కన అది కూడా వద్దు. చల్లేటప్పుడు చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. మందు ఆరేదాకా పిల్లలనూ కుక్కనూ దూరంగా ఉంచండి. కోసిన గడ్డిని ఆవుకు వేసే అలవాటున్న ఇళ్లలో మందు కొట్టిన తర్వాత కోతలను కనీసం నెల రోజులు వేయకూడదు. ఇంకొకటి, వినాయక చవితి పత్రి కోసం పిల్లలు లాన్‌లోంచే గరిక పీకుతారు. చవితి ముందు మందు కొట్టివుంటే ఆ సంగతి ఇంట్లో అందరికీ, పనిమనిషికి, పక్కింటివాళ్లకు కూడా చెప్పండి.

ఏ పురుగో తేల్చుకోలేకపోతే ఊహించి మందు కొట్టకండి. నాలుగు పురుగులను కొంచెం మట్టితో సహా మూతకు చిల్లులున్న డబ్బాలో వేసుకుని, ఆమదాలవలసలోని కృషి విజ్ఞాన కేంద్రానికో నైరాలోని వ్యవసాయ కళాశాలకో, విజయనగరంలోని వ్యవసాయ పరిశోధన స్థానానికో తీసుకెళ్లండి. పురుగు కళ్లెదుట ఉంటే వాళ్లు పేరు చెప్పడం తేలిక. ఫోనులో తీసిన ఎండిన గడ్డి ఫొటో ఒక్కటే చూపిస్తే ఎవరూ ఏమీ చెప్పలేరు.

పాడైన చోటును బాగుచేయడం

చాపలా లేచిన గడ్డి కింద పురుగులను ఏరేశాక దాన్ని పారేయనక్కర్లేదు. ఇంకా పచ్చదనం ఉంటే కింద జల్లించిన మట్టి, వర్మికంపోస్టు సమంగా కలిపి అర అంగుళం వేసి, గడ్డిని పరచి, పలక వేసి తొక్కి, వారం రోజులు పొద్దునా సాయంత్రం పలుచగా తడపండి. పూర్తిగా చచ్చినచోట గరిక తీగలను రెండు కణుపులకు ఒక ముక్క చొప్పున కోసి, జానెడు దూరంలో నాటండి. సెప్టెంబరు చివరి వానలకు నాటితే దీపావళికి నేల కనిపించకుండా కమ్ముకుంటుంది. కడియం నుంచో మరోచోటి నుంచో గడ్డి పలకలు తెప్పిస్తే ప్రతి పలకనూ తిరగవేసి వేళ్ల మధ్య చూశాకే పరచండి. బయటినుంచి వేరుపురుగు మన ఇంట్లోకి వచ్చే దారుల్లో అదొకటి.

కొత్త గడ్డికి మొదటి కోత నెల దాటాకే వేయండి. గరికను అంగుళంన్నర కన్నా పొట్టిగా కోయకండి, ఒక్క కోతలో మూడో వంతుకు మించి తీయకండి. పైన ఆకు ఎంత ఉంటే కింద వేరు అంత లోతుకు పోతుంది. లోతుకు పోయిన వేరు నాలుగు పురుగులు కొరికినా నీళ్లు తెచ్చుకోగలదు. కోసిన గడ్డిని లాన్ మీదే మందంగా వదిలేయకుండా దంతెతో తీసేయండి. యూరియా తగ్గించి, ఏడాదికి రెండుసార్లు, జూలైలోనూ ఫిబ్రవరిలోనూ, వేపపిండి, వర్మికంపోస్టు ఇవ్వండి.